పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్: ఎంచుకోవడం, ఎక్కించుకోవడం ఎలా?

విండోస్ 10కు మామూలుగా వచ్చే భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. విండోస్ 11 వేసుకుందామంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసరైతే దాదాపుగా ఎనిమిదో తరానిదో ఆ తర్వాతిదో కావాలి. అనంతపురంలో నాకు తెలిసిన చాలా ఇళ్లలో, పిల్లలు ఇంజినీరింగులో చేరిన ఏడాది కొనిచ్చి, వాళ్లు ఉద్యోగాలకు బెంగళూరు వెళ్లిపోయాక బీరువా మీద పడి ఉన్న ల్యాప్‌టాపులకు ఈ అర్హత లేదు. అంతమాత్రాన స్క్రీను, కీబోర్డు, మదర్‌బోర్డు బాగున్న యంత్రాన్ని పాత సామాన్ల బండికి వేయాల్సిన అవసరం లేదు. డబ్బు కట్టనక్కర్లేని, ఎన్ని కంప్యూటర్లలోనైనా చట్టబద్ధంగా వేసుకోదగిన లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను విండోస్ బదులు వేస్తే అది మరికొన్నేళ్లు ఇంటి పనులన్నీ చేసిపెడుతుంది. ఇంతవరకు లినక్స్‌ను ఎప్పుడూ చూడనివారు దాన్ని ఎలా ఎంచుకోవాలో, ఉన్న ఫొటోలూ కాగితాలూ పోకుండా ఎలా ఎక్కించుకోవాలో ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

ముందు మీ పనులు, ఆ తర్వాత మీ యంత్రం

లినక్స్‌లో మింట్, ఉబుంటు, ఫెడోరా వంటి రకాలున్నాయి. వాటిలో ఏది మంచిదని అడగడానికి ముందు, ఆ కంప్యూటర్‌తో ఇంట్లో ఎవరు ఏ పని చేస్తారో ఒక కాగితం మీద రాసుకోండి. బ్యాంకు వెబ్‌సైట్లు, డిజీలాకర్, ఈఏపీసెట్ దరఖాస్తులు, మెయిలు, యూట్యూబ్ వంటివన్నీ ఫైర్‌ఫాక్స్‌లోనో క్రోమ్‌లోనో జరిగే పనులే కాబట్టి వాటికి ఏ ఇబ్బందీ ఉండదు. ఉత్తరాలకూ లెక్కల పట్టికలకూ లిబ్రేఆఫీస్ సరిపోతుంది. అది వర్డ్, ఎక్సెల్ ఫైళ్లను తెరుస్తుంది, కాకపోతే బొమ్మలూ పట్టికలూ కిక్కిరిసిన ఫైళ్లలో వరుసలు కొంచెం అటూ ఇటూ జరగవచ్చు.

కొందరు మాత్రం విండోస్‌ను వదులుకోకూడదు. అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో పెళ్లిపత్రికలు, కరపత్రాలు చేసే డీటీపీ సెంటర్లవారు, టాలీలో లెక్కలు రాసే దుకాణదారులు ఆ యంత్రాన్ని అలాగే ఉంచుకోవాలి, ఎందుకంటే ఆ ప్రోగ్రాములు విండోస్ కోసం తయారైనవి. వేలిముద్ర యంత్రాలు, డిజిటల్ సంతకం టోకెన్లు వాడేవారు వాటికి లినక్స్ డ్రైవరు ఉందో లేదో అమ్మినవారిని ముందే అడగాలి. ప్రింటర్ విషయంలోనూ అంతే. హెచ్‌పీ ప్రింటర్లలో ఎక్కువ భాగం తిన్నగా పనిచేస్తాయి. జిరాక్స్ షాపుల్లో తరచుగా కనిపించే కెనాన్ ఎల్‌బీపీ 2900 వంటివాటికి క్యాప్ట్ అనే ప్రత్యేక డ్రైవరు కావాలి, దాన్ని కుదర్చడం కొత్తవారికి కష్టమే.

ఇక యంత్రం సంగతి. విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్ తెరిస్తే ర్యామ్ ఎంతో, ప్రాసెసర్ 64 బిట్లదో కాదో కనిపిస్తుంది. 64 బిట్లు, 4 జీబీ ర్యామ్ ఉంటే లినక్స్ మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికైన రకం వేసుకోండి. 8 జీబీ ఉంటే మింట్‌లోనే కొంచెం అలంకారంగా ఉండే సిన్నమన్ తీసుకోండి. రెండింటిలోనూ విండోస్‌కు అలవాటుపడిన కన్నుకు కావలసిన మెనూ ఎడమ పక్కన, గడియారం కుడి పక్కన ఉంటాయి. ఇంట్లో పెద్దవాళ్లకు లినక్స్ ఎక్కించి ఇచ్చేటప్పుడు ఈ ఒక్క పోలిక ఎంత మేలు చేస్తుందో నేను చాలాసార్లు చూశాను. మింట్ 22 వరుసకు 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. కాలేజీలో ప్రోగ్రామింగ్ నేర్చుకునే పిల్లలకైతే ఉబుంటు 24.04 సరైనది, ఎందుకంటే పాఠాలూ సూచనలూ ఎక్కువగా దాన్ని దృష్టిలో పెట్టుకుని రాసినవే. ఫెడోరా మంచిదే అయినా దాని ఒక్కో వెర్షన్‌కు అప్‌డేట్లు సుమారు 13 నెలలే కాబట్టి, అప్పుడప్పుడు మాత్రమే కంప్యూటర్ తెరిచే ఇంటికి అది తగదు.

ఇంకా తిరిగే హార్డ్‌డిస్క్ మీదే నడుస్తున్న యంత్రమైతే, వీలుంటే ముందుగా దాని స్థానంలో తిరిగే భాగాలు లేని 240 జీబీ ఎస్‌ఎస్‌డీ డిస్క్ ఒకటి వేయించండి. ఏ లినక్స్ అన్నదానికంటే ఈ మార్పే వేగంలో పెద్ద తేడా చూపిస్తుంది. పైగా పాత డిస్క్ చెక్కుచెదరకుండా మీ చేతిలో ఉంటుంది.

పెన్‌డ్రైవ్ తయారీ

కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి, ఫైళ్లు దాచుకోవడానికి వేరే హార్డ్‌డిస్క్ ఒకటి కావాలి. మింట్ మొత్తం ఒకే ఫైలుగా దొరుకుతుంది, దాన్ని ఐఎస్‌ఓ ఫైలు అంటారు, అది దాదాపు 3 జీబీ ఉంటుంది. రోజుకు 1.5 జీబీ వచ్చే ఫోన్ ప్యాక్‌తో అది ఒక్కరోజులో దిగదు కాబట్టి ఫైబర్ కనెక్షన్ ఉన్న ఇంట్లో దించుకోండి. మింట్ సొంత వెబ్‌సైట్‌లోని డౌన్‌లోడ్ పేజీలో ఇండియా కింద ఉన్న లింకును తీసుకోండి. ఎవరో పంపిన ఫైలు వాడకండి. దించుకున్నది సరిగా దిగిందో లేదో చూడటానికి, సెవెన్-జిప్ అనే ప్రోగ్రాము ఉంటే ఆ ఫైలు మీద రైట్ క్లిక్ చేసి, ఫైలుకు వేలిముద్ర లాంటి షా-256 సంఖ్యను తీసి, వెబ్‌సైట్‌లో ఇచ్చిన సంఖ్యతో పోల్చండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా మళ్లీ దించాల్సిందే.

తర్వాత బలేనా ఎచర్ అనే ప్రోగ్రాముతో ఆ ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి రాయాలి. ఫైలు చూపించడం, పెన్‌డ్రైవ్ చూపించడం, ఫ్లాష్ నొక్కడం, అంతే పని. పెన్‌డ్రైవ్‌లో అంతకుముందున్నవన్నీ పోతాయి. ఈ పని మొదలుపెట్టే ముందు మిగిలిన పెన్‌డ్రైవులూ హార్డ్‌డిస్కులూ అన్నీ తీసేయండి. కొన్నేళ్ల కిందట నేను రెండు పెన్‌డ్రైవులు గుచ్చి ఉంచి తొందరలో రెండోదాన్ని ఎంచుకోవడంతో, మా నాన్న పొలం పాస్‌బుక్కు, వన్‌బీ, అడంగల్ స్కాన్లు అన్నీ పోయాయి. అవన్నీ మళ్లీ స్కాన్ చేయించడానికి ఆయన ఎండలో ఊరి నుంచి రావలసి వచ్చింది. అప్పటి నుంచి ఒక్క పెన్‌డ్రైవ్ తప్ప ఏదీ గుచ్చి ఉండగా ఈ పనికి కూర్చోవడం లేదు. రాయడం పూర్తయ్యాక విండోస్, ఈ డిస్క్‌ను ఫార్మాట్ చేయాలని ఒక పెట్టె చూపిస్తుంది. అది లినక్స్ ఏర్పాటును చదవలేక అడిగేదే కాబట్టి క్యాన్సిల్ నొక్కండి.

ఎక్కించకుండానే నడిపి చూడటం

ఈ మొత్తం పనిలో ఎక్కువ సమయం ఇవ్వవలసింది ఇక్కడే. ముందుగా విండోస్ కంట్రోల్ ప్యానెల్‌లోని పవర్ ఆప్షన్స్‌లో ఫాస్ట్ స్టార్టప్ తీసేయండి. అది ఉన్నంతసేపూ విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది. అలాంటి డిస్క్‌ను లినక్స్ ముట్టుకోవడం క్షేమం కాదు. డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ లేదా డివైస్ ఎన్‌క్రిప్షన్ పెట్టి ఉంటే, 48 అంకెల రికవరీ కీని మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ నుంచి కాగితం మీద రాసిపెట్టుకున్నాకే ముందుకు వెళ్లండి.

పెన్‌డ్రైవ్ గుచ్చి, కంప్యూటర్ ఆన్ చేసిన వెంటనే బూట్ మెనూ మీట నొక్కుతూ ఉండాలి. డెల్, లెనోవోలలో ఎక్కువగా ఎఫ్12, హెచ్‌పీలో ఎస్కేప్ తర్వాత ఎఫ్9, అసూస్‌లో ఎస్కేప్ పనిచేస్తాయి. ఏసర్‌లో ఎఫ్12 మెనూను ముందు బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల తెరలో, ఆన్ చేయాల్సి రావచ్చు. జాబితాలో పెన్‌డ్రైవ్‌ను ఎంచుకుంటే కొద్దిసేపటికి మింట్ తెర వస్తుంది. ఇది పెన్‌డ్రైవ్ నుంచీ ర్యామ్‌లోంచీ నడిచే లినక్స్, దీన్నే లైవ్ అంటారు. డిస్క్ మీద ఇంకా ఏమీ రాయలేదు కాబట్టి పెన్‌డ్రైవ్ తీసి రీస్టార్ట్ చేస్తే పాత విండోస్ అలాగే ఉంటుంది.

మా వీధిలోని రిటైర్డ్ మాస్టారికి ఇలాగే చూపించినప్పుడు ఆయన తన మనవరాలి ఫొటో తెరిచి చూసి, "ఇంకా ఎక్కించనే లేదంటివి గదా నాయనా, మల్ల అన్నీ ఎట్ల పనిచేస్తాండాయి?" అని అడిగారు. అన్నీ పనిచేయలేదు. శబ్దం వచ్చింది, కెమెరా వెలిగింది, టచ్‌ప్యాడ్ మీద రెండు వేళ్లతో పేజీ జరిగింది, వైఫై మాత్రం కనిపించలేదు. ఆ ల్యాప్‌టాప్‌లో ఉన్నది బ్రాడ్‌కామ్ చిప్పు. ఆయన ఫోనును కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెదరింగ్ ఆన్ చేస్తే నెట్ వచ్చింది. ఆ నెట్‌తో డ్రైవర్ మేనేజర్ తెరవగానే ఆ చిప్పుకు డ్రైవరు కనిపించింది. దాన్ని వేసిన రెండు నిమిషాలకు మాస్టారి ఇంటి వైఫై పేరు జాబితాలోకి వచ్చింది. ఇలా లైవ్‌లో వేసిన డ్రైవరు రీస్టార్ట్‌తో పోతుంది, ఎక్కించాక ఇంకోసారి వేయాలి. అయినా వైఫై పనిచేస్తుందన్న భరోసా ముందే దొరుకుతుంది.

మీరూ ఒక అరగంట కూర్చుని వైఫై, శబ్దం, వెలుతురు తగ్గించే మీటలు, కెమెరా, ప్రింటర్ ఒక్కొక్కటీ చూడండి. మూత మూసి తెరిస్తే నిద్ర నుంచి లేస్తోందో లేదో కూడా చూడండి. పెన్‌డ్రైవ్ నుంచి నడుస్తుంది కాబట్టి నెమ్మదిగా ఉంటుంది, దాన్ని బట్టి వేగాన్ని అంచనా వేయకండి. ఏదైనా ముఖ్యమైనది పనిచేయక, డ్రైవరు కూడా దొరకకపోతే, అక్కడితో ఆపి ఉబుంటు పెన్‌డ్రైవ్‌తో ఒకసారి ప్రయత్నించవచ్చు. దీనివల్ల మీకు నష్టమేమీ లేదు.

డి డ్రైవ్ గురించి ఒక హెచ్చరిక

మన ఊళ్లలో కంప్యూటర్ నెమ్మదిస్తే షాపుకు తీసుకెళ్లి ఫార్మాట్ కొట్టిస్తారు. షాపువాళ్లు సి డ్రైవ్ మాత్రమే చెరిపి విండోస్ వేస్తారు కాబట్టి డి డ్రైవ్‌లోని పెళ్లి ఫొటోలు, సర్టిఫికెట్లు అలాగే ఉంటాయి. "డిలో పెట్టినాం, ఏం కాదులే" అన్న ధీమా దీనితోనే వచ్చింది. లినక్స్ ఇన్‌స్టాలర్‌లో ఈ ధీమా చెల్లదు. సి, డి అనేవి విండోస్ పెట్టుకున్న పేర్లే తప్ప రెండు వేర్వేరు డిస్కులు కావు, సాధారణంగా ఒకే డిస్క్‌లోని రెండు భాగాలు. ఇన్‌స్టాలర్‌లో "ఎరేజ్ డిస్క్" అంటే ఆ డిస్క్ మొత్తం, అంటే సితో పాటు డి కూడా పోతుంది. అందువల్ల రెండింటిలో ఉన్నదంతా బయటి హార్డ్‌డిస్క్‌కు కాపీ చేసి, ఆ కాపీని వేరే కంప్యూటర్‌లో తెరిచి చూసి, హార్డ్‌డిస్క్‌ను తీసి పక్కన పెట్టాకే డెస్క్‌టాప్ మీది ఇన్‌స్టాల్ బొమ్మను నొక్కండి. బ్యాటరీ పోయిన ల్యాప్‌టాపైతే ఇన్వర్టరుకు కలిపిన ప్లగ్గుకే పెట్టండి. మధ్యలో కరెంటు పోతే సగంలో ఆగిన డిస్క్‌తో మళ్లీ మొదటికి వస్తారు.

భాష, కీబోర్డు అడిగాక, పాటలూ వీడియోలూ ఆడటానికి కావలసిన మల్టీమీడియా కోడెక్‌ల గడిలో టిక్కు పెట్టండి. సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాటు ఉన్న యంత్రాల్లో ఇక్కడ ఒక పాస్‌వర్డ్ పెట్టమని అడిగితే పెట్టి గుర్తుంచుకోండి. రీస్టార్ట్ అయ్యాక వచ్చే నీలి తెర మీద ఎన్‌రోల్ ఎంఓకే ఎంచుకుని అదే పాస్‌వర్డ్ ఇవ్వాలి.

ఆ తర్వాత వచ్చేదే డిస్క్ తెర. విండోస్‌తో ఇక పని లేకపోతే ఎరేజ్ డిస్క్ ఎంచుకోండి, కొత్తవారికి అన్నింటికంటే సులువైన దారి అదే. విండోస్ కూడా ఉండాలంటే, చోటు తగ్గించే పనిని ఇన్‌స్టాలర్‌కు వదలకుండా ముందే విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సి మీద రైట్ క్లిక్ చేసి, ష్రింక్ వాల్యూమ్‌తో కనీసం 50 జీబీ ఖాళీ చేసి అలాగే వదిలేయండి. అప్పుడు ఇన్‌స్టాలర్‌లో "సమ్‌థింగ్ ఎల్స్" తెరిస్తే ఆ ఖాళీ చోటు "ఫ్రీ స్పేస్" అని కనిపిస్తుంది. దాన్ని ఎంచుకుని ప్లస్ గుర్తు నొక్కి, రకం ఈఎక్స్‌టీ4 అనీ మౌంట్ పాయింట్ ఒక్క ఏటవాలు గీత అనీ ఇవ్వండి. ఇక్కడ డిస్కులకు ఎస్‌డీఏ, ఎస్‌డీబీ, ఎన్‌వీఎంఈ వంటి పేర్లుంటాయి. పేరును కాకుండా ఎన్ని జీబీలో చూసి గుర్తుపట్టండి. అసలు డిస్కే కనిపించకపోతే, బయోస్‌లో స్టోరేజీ రైడ్ లేదా వీఎండీ పద్ధతిలో ఉన్నట్టు. విండోస్ ఉంచుకోదలచినవారు దాన్ని సొంతంగా మార్చకండి, విండోస్ తెరుచుకోకుండా పోవచ్చు. అనుభవమున్నవారిని పక్కన కూర్చోబెట్టుకోండి.

ఇన్‌స్టాల్ నొక్కాక ఊరి కోసం పటంలో ఇండియా మీద నొక్కితే కోల్‌కతా అని వస్తుంది, అదే మన సమయం. పేరు, పాస్‌వర్డ్ ఇచ్చాక అరగంటలోపే పని ముగుస్తుంది.

ఎక్కించాక చేయవలసినవి

మొదట అప్‌డేట్ మేనేజర్‌లో వచ్చినవన్నీ వేసుకోండి, తర్వాత డ్రైవర్ మేనేజర్ చూడండి, ఆపైన టైమ్‌షిఫ్ట్‌లో వారానికోసారి స్నాప్‌షాట్ తీసేలా పెట్టండి. ఏదైనా అప్‌డేట్ వికటిస్తే టైమ్‌షిఫ్ట్ వ్యవస్థను పాత స్థితికి తెస్తుంది. మీ ఫొటోలను అది దాచదు, వాటికి బయటి కాపీ ఉండాల్సిందే.

తెలుగు చదవడానికి ఫాంట్లు చాలావరకు ముందే ఉంటాయి. ఇంకా కావాలంటే సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో అదనపు తెలుగు ఫాంట్ల ప్యాకేజీ ఉంది, అందులో పోతన, వేమన అనే ఫాంట్లు వస్తాయి. వేమన సమాధి ఉన్న కటారుపల్లి మా కదిరి దగ్గరిదే కాబట్టి, ఆ పేరు ఫాంట్ల జాబితాలో కనిపించినప్పుడల్లా నాకు సంతోషంగా ఉంటుంది. టైపు చేయడానికి కీబోర్డు సెట్టింగుల్లో తెలుగు చేర్చితే చాలు. ఇంగ్లిషు అక్షరాలతో పలికినట్టు కొట్టే అలవాటున్నవారు ఐబస్, దానితోపాటు ఎం17ఎన్ ప్యాకేజీ వేసుకుని ఆర్‌టీఎస్ పద్ధతిని ఎంచుకోవాలి.

విండోస్‌నూ ఉంచుకున్నవారికి ఒక వింత ఎదురవుతుంది. లినక్స్ వాడి విండోస్‌లోకి వెళ్తే గడియారం సరిగ్గా 5 గంటల 30 నిమిషాలు వెనక్కి ఉంటుంది. మదర్‌బోర్డు మీది సెల్ అయిపోయిందనుకుని దాన్ని మార్పించినవారు ఉన్నారు. సెల్ బాగానే ఉంటుంది. లినక్స్ లోపలి గడియారాన్ని అంతర్జాతీయ సమయంలో ఉంచుతుంది, విండోస్ దాన్ని మన సమయమనే చదువుతుంది. విండోస్ సమయం సెట్టింగుల్లో సింక్ నౌ నొక్కితే అప్పటికి సరిపోతుంది.

చివరగా ఆ పెన్‌డ్రైవ్‌ను పాటలకో సినిమాలకో వాడేయకుండా, మింట్ 22 అని చిన్న చీటీ అంటించి దాచిపెట్టండి. ఎప్పుడైనా కంప్యూటర్ తెరుచుకోకపోతే, అది విండోస్‌దైనా సరే, అదే పెన్‌డ్రైవ్‌తో లైవ్‌లోకి వెళ్లి, డిస్క్ బాగుంటే అందులోని ఫైళ్లను బయటి హార్డ్‌డిస్క్‌కు తీసుకోవచ్చు.