ఫిన్ ఊగుతోందా, బాక్స్ ఊగుతోందా? ఇంట్లో చేసిన సర్ఫ్‌బోర్డుకి రిపేర్లు

సూర్యలంక బయల్దేరే ముందు బోర్డు తిరగేసి, అడుగున తోక దగ్గర చుక్కానిలా నిలబడే ఫిన్ పట్టుకుని అటూ ఇటూ గట్టిగా ఊపి చూడండి. ఊగేది ఫిన్ ఒక్కటేనా లేక అది దూరే ప్లాస్టిక్ గాడి, అంటే బాక్స్ కూడా కదులుతోందా అనేది ముందు తేల్చుకోవాలి, రెండింటికీ మందు వేరు.

ఫిన్ ఒక్కటే ఊగుతోంది

ఇది చిన్న పనే. స్క్రూ లూజైనా అయ్యుంటుంది, ఫిన్ అడుగు పల్చగానైనా ఉండుంటుంది. అడుగుకి రెండు పక్కలా ఒక పొర రెసిన్ (కలిపాక గట్టిపడే జిగురు) పూసి, ఆరాక సాండ్‌పేపర్‌తో రుద్దుకుంటూ సరిపోయేదాకా తెచ్చుకోండి. కాగితం మడిచి దూర్చడం పూట గడవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

బాక్స్ కదులుతోంది, చుట్టూ వెంట్రుకంత పగులు

అసలు గొడవంతా ఇక్కడే. బాక్స్‌ని పట్టుకుని ఉండేది ఫోమ్ కాదండీ, పైనున్న ఫైబర్ పొర. మనోళ్లు చాలామంది గుంట తవ్వి, రెసిన్ పోసి, బాక్స్ దించేసి అయిపోయిందనుకుంటారు, అంచు మీదకి ఫైబర్ క్లాత్ వెయ్యరు, ఇక కృష్ణలో గుర్రపు డెక్క చుట్టుకున్నా, ఒడ్డు దగ్గర ఇసుకలో దిగబడినా ఆ దెబ్బంతా లోపలి థర్మాకోల్ ఫోమ్ మీదే పడి అది లోపల నలిగిపోతుంది.

పగుల్లోంచి నీళ్లు దిగాయో లేదో చూడాలంటే బోర్డుని ఓ పది నిమిషాలు ఎండలో ఉంచి పగులు మీద సబ్బు నీళ్లు రాయండి, లోపలి గాలి వేడెక్కి బుడగలు వస్తే దారి ఉన్నట్టే. బుడగలొచ్చాయంటే వెంటనే ప్యాచ్ వెయ్యొద్దు. పగులు కిందకి వచ్చేలా నిలబెట్టి నీడలో ఫ్యాన్ కింద ఆరబెట్టండి, మధ్యమధ్యలో కిరాణా కొట్టు కాటా మీద తూయండి, బరువు తగ్గడం ఆగేదాకా ఆగాల్సిందే. తొందరపడి డాబా మీద మే ఎండలో పెడితే ఫైబర్ ఫోమ్ నుంచి ఊడి ఉబ్బుతుంది.

ఆరాక బాక్స్ చుట్టూ రూటర్‌తో (గాడి కోసే వడ్రంగి మిషన్) కోసి బయటికి తీసెయ్యండి. నలిగిన ఫోమ్ గోకేసి గట్టి ఫోమ్ ముక్క అతికించి, అందులో కొత్త గుంట కొట్టండి. బాక్స్ ప్లాస్టిక్ నున్నగా ఉంటే రెసిన్ పట్టదు కాబట్టి 80 నంబర్ పేపర్‌తో గరుకు చేసి, మూతికి టేప్ వేసి, గుంటలో ముందు క్లాత్ పరిచి దించండి. పైన అంచు కప్పేలా రెండు మూడు పొరల క్లాత్, ఒక్కోటి కిందదానికన్నా కాస్త పెద్దది. ఆటోనగర్‌లో ఫైబర్ సామాను అడిగితే బస్సు పనులకి వాడే మ్యాట్ చేతిలో పెడతారు, దాన్లోని జిగురు ఎపాక్సీ రకం రెసిన్‌లో సరిగా కరగదు, నేసిన క్లాత్ కావాలని గట్టిగా అడగండి.

రెసిన్ పొగలొచ్చింది, గుంట పెద్దదైంది

ఇందులో రెండు కారణాలు కలిసిపోతుంటాయి. మామూలు పాలిస్టర్ రెసిన్‌లో స్టైరీన్ ఉంటుంది, అది థర్మాకోల్‌ని తినేస్తుంది, దానికి ఎపాక్సీయే వాడాలి. ఎపాక్సీ వాడినా కరిగిందంటే ఒకేసారి ఎక్కువ పోశారన్నమాట, మందంగా ఉన్న రెసిన్ తన వేడికి తనే ఉడుకుతుంది, బెజవాడ మధ్యాహ్నం అయితే ఇంక చెప్పక్కర్లేదు. తెల్లవారుజామునే, కొద్దికొద్దిగా పొయ్యండి.

థర్మాకోల్ కాకుండా పీయూ (పాలీయురేథేన్) ఫోమ్ బోర్డు అయితే పాలిస్టర్ ఓకే, కాకపోతే ఆ రెసిన్‌ని గట్టిపరచడానికి వేసే కోబాల్ట్, క్యాటలిస్ట్ రెండూ ఎప్పుడూ నేరుగా కలపకండి, పేలుతుంది. ముందు కోబాల్ట్‌ని రెసిన్‌లో బాగా కలిపాకే క్యాటలిస్ట్. కళ్లజోడు తప్పనిసరి.

రోజులు గడిచినా జిగటగానే ఉంది

ఎపాక్సీ అయితే పాళ్లు తప్పాయి. హార్డ్‌నర్ ఎక్కువేస్తే త్వరగా గట్టిపడుతుందనేది ఒట్టి మాట. గోకేసి, అసిటోన్‌తో తుడిచి, తూకం వేసి మళ్లీ కలపండి. గట్టిపడింది గానీ పైన జిడ్డులా ఉందంటే వానాకాలం తేమ వల్ల, సబ్బు నీళ్లతో కడిగి గరుకు చేస్తే సరి.

స్క్రూ సగంలో బిగుసుకుపోయింది

పొడవాటి సింగిల్ ఫిన్ బాక్సులకి వచ్చేది 8-32 అనే అంగుళాల కొలత మర. హార్డ్‌వేర్ షాపులో దొరికే ఎం4 (మిల్లీమీటర్ల కొలత స్క్రూ) చూడ్డానికి అలాగే ఉంటుంది, రెండు చుట్లు ఎక్కుతుంది కూడా, తర్వాత మర తినేసి పట్టేస్తుంది. బలవంతం చెయ్యకుండా వెనక్కి తిప్పి తీసెయ్యండి. స్క్రూ ఎక్కే లోపలి చిన్న పలక ఒక్కటే పాడైతే అది విడిగా మార్చుకోవచ్చు, బాక్స్ కొయ్యక్కర్లేదు.