రక్త క్యాన్సర్ పిల్లలకు లోతైన ఫంగస్ ఇన్‌ఫెక్షన్ వస్తే చికిత్స నడపవలసిన తీరు

కీమోథెరపీ తీసుకుంటున్న బిడ్డకు ఇన్‌ఫెక్షన్‌తో పోరాడే న్యూట్రోఫిల్ తెల్లకణాలు మైక్రోలీటరుకు 500 కంటే తగ్గి పది రోజులు దాటితే, రక్తంలోకో ఊపిరితిత్తుల్లోకో ఫంగస్ ప్రవేశించే ప్రమాదం బాగా పెరుగుతుంది. అక్యూట్ మైలాయిడ్ ల్యుకీమియా అనే రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు, వ్యాధి తిరగబెట్టినవారికి, దాత మూలకణాలు ఎక్కించుకున్నవారికి ఈ ముప్పు మరీ ఎక్కువ. అటువంటి బిడ్డకు బలమైన యాంటీబయాటిక్స్ ఇస్తున్నా 96 గంటల తర్వాత కూడా జ్వరం తగ్గకపోతే, రుజువు కోసం ఎదురుచూడకుండా ఫంగస్ మందు మొదలుపెట్టాలి.

రుజువు కోసం వెతకడం మాత్రం అదే రోజు మొదలవ్వాలి. బ్లడ్ కల్చర్ (రక్తంలోని క్రిములను పెంచి చూసే పరీక్ష), ఛాతీ సీటీ స్కాన్, పొట్ట అల్ట్రాసౌండ్ చేయించాలి. ఎక్స్‌రే బాగుందని ఊరుకోకూడదు. పెద్దవారి స్కాన్‌లో కనిపించే హేలో (మచ్చ చుట్టూ మసక వలయం) వంటి గుర్తులు చిన్నపిల్లల్లో తరచుగా కనిపించవు కనుక, కొత్తగా వచ్చిన ఏ చిన్న మచ్చనైనా అనుమానించవలసిందే.

తొలి మందుగా కాస్పోఫంగిన్‌ను గాని, రోజుకు కిలో బరువుకు 3 మిల్లీగ్రాముల చొప్పున లైపోసోమల్ (కొవ్వు పొరలో పొదిగిన) ఆంఫోటెరిసిన్-బిని గాని ఎంచుకోవచ్చు. మన దేశంలో మ్యూకార్ అనే ఫంగస్ ఎక్కువ, దానిపై కాస్పోఫంగిన్ పనిచేయదు. కాబట్టి దాని గుర్తులుగా ముఖం వాచినా, ముక్కులోనో అంగిట్లోనో నల్లని పొర కనిపించినా నేను ఆంఫోటెరిసిన్‌నే కోరుకుంటాను. దానిని సెలైన్‌లో కాక 5 శాతం డెక్స్‌ట్రోజ్‌లోనే కలపాలి. పాతరకం సాధారణ ఆంఫోటెరిసిన్ మోతాదు సుమారు కిలోకు 1 మిల్లీగ్రామే. లైపోసోమల్ మోతాదును పొరపాటున దానికి వర్తింపజేస్తే ప్రాణాపాయం. అందుచేత చీటీపై మందు పూర్తి పేరు రాయడం, ఎక్కించే ముందు ఇద్దరు చూడడం తప్పనిసరి. మూత్రపిండాల పనితీరును చూపే క్రియాటినిన్, పొటాషియం, మెగ్నీషియం తరచుగా పరీక్షిస్తూ ఉండాలి.

ఏ ఫంగస్ అన్నది తేలాక మందును దానికి తగ్గట్టు మార్చాలి. రక్తంలో క్యాండిడా అనే ఫంగస్ పెరిగితే సెంట్రల్ లైన్‌ను (పెద్ద రక్తనాళంలో ఉంచిన గొట్టాన్ని) వీలైనంత త్వరగా తీసివేసి, కంటి పరీక్ష చేయించి, కల్చర్ శుభ్రంగా వచ్చిన రోజు నుంచి కనీసం 14 రోజులు చికిత్స కొనసాగించాలి. మ్యూకార్ అయితే ఆంఫోటెరిసిన్‌ను కిలోకు 5 మిల్లీగ్రాములకు, అవసరమైతే అంతకంటే ఎక్కువకు పెంచి, కుళ్లిన కణజాలాన్ని తొలగించడానికి సర్జన్‌ను తొలి రోజే పిలవాలి. 2021లో బ్లాక్ ఫంగస్ పేరుతో మనం చూసిన వ్యాధి ఇదే.

ఆస్పర్‌జిల్లస్ అనే ఫంగస్‌కు వోరికోనజోల్ ప్రధాన మందు, అయితే పిల్లల్లో దీనిని వాడడం చాలా నేర్పుతో కూడిన పని. రెండేళ్ల నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లల శరీరం దీనిని వేగంగా ఖర్చుచేస్తుంది కనుక పెద్దల లెక్క సరిపోదు: నరం ద్వారా మొదటి రోజు కిలోకు 9 మిల్లీగ్రాముల చొప్పున రెండుసార్లు, ఆ తర్వాత 8 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు ఇవ్వాలి. అంత ఇచ్చినా ఒక బిడ్డలో చాలకపోవచ్చు, మరొక బిడ్డలో మితిమీరవచ్చు. కాబట్టి వారం లోపే, తర్వాతి డోసుకు ముందు రక్తం తీసి, మందు స్థాయి లీటరుకు 1 నుంచి 5.5 మిల్లీగ్రాముల మధ్య ఉందో లేదో చూడాలి. నోటి ద్వారా ఇచ్చేటప్పుడు భోజనానికి గంట ముందో గంట తర్వాతో ఇవ్వాలి, ఎండ తగలకుండా ఒళ్లు కప్పాలి.

విన్‌క్రిస్టిన్ అందుకుంటున్న బిడ్డకు వోరికోనజోల్ కలిపితే ఆ కీమో మందు ఒంట్లో పేరుకుపోయి, పేగుల కదలిక ఆగిపోవడం, ఫిట్స్, నరాల బలహీనత రావచ్చు. అక్యూట్ లింఫోబ్లాస్టిక్ ల్యుకీమియా అనే మరో రక్త క్యాన్సర్ చికిత్సలో విన్‌క్రిస్టిన్ తరచుగా వస్తుంది కాబట్టి, ఆ దశలో లైపోసోమల్ ఆంఫోటెరిసిన్‌తో నెట్టుకురావడమే క్షేమం.

ఆస్పర్‌జిల్లస్ చికిత్స కనీసం 6 నుంచి 12 వారాలు సాగుతుంది. స్కాన్‌లో మచ్చలు కరిగి, న్యూట్రోఫిల్స్ కోలుకున్నాకే ఆపాలి. కణాలు కోలుకునే తొలి రోజుల్లో మచ్చలు కొంత పెద్దవిగా కనిపించడం సహజం, అంతమాత్రాన మందు విఫలమైందని మార్చేయకూడదు. క్యాన్సర్ చికిత్సను నెలల తరబడి వాయిదా వేయడం కూడా ప్రమాదమే కనుక, ఇన్‌ఫెక్షన్ అదుపులోకి రాగానే ఫంగస్ మందు రక్షణలో కీమోథెరపీని తిరిగి ప్రారంభించాలి.