నవంబర్ కాల్‌కి ముందు: మీటింగ్ పెట్టేవాళ్ళూ రికార్డ్ చేసేవాళ్ళూ చూసుకోవాల్సినవి

తెలుగు వికీపీడియాలో రాసేవాళ్ళయినా, పాత పుస్తకాలు టైపు చేసేవాళ్ళయినా, నెలకో ఆదివారం ఆన్‌లైన్ కాల్‌లో కలిసే ఏ బృందమైనా అక్టోబర్ చివర్లో కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి. కోస్తాలో తుఫాన్ల రోజులు, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. సరిగ్గా అప్పుడే విదేశాల్లో గడియారాలు మారతాయి.

బ్రిటన్‌లో అక్టోబర్ చివరి ఆదివారం, అమెరికాలో నవంబర్ మొదటి ఆదివారం టైం గంట వెనక్కి తిప్పుతారు. మనం తిప్పం. మన రాత్రి 8 గంటలంటే డల్లాస్‌లో అంతవరకూ ఉదయం 9:30, ఆ తర్వాత 8:30. లండన్‌లో మధ్యాహ్నం 3:30 కాస్తా 2:30 అవుతుంది. "ఎప్పటి టైమే" అని మెసేజ్ పెట్టి ఊరుకుంటే అక్కడివాళ్ళు గంట ఆలస్యంగా వచ్చి "అప్పుడే అయిపోయిందా?" అంటారు. ఏ ఊరి టైం ఆ ఊరికి విడిగా రాసి పెట్టండి.

ఇక రికార్డింగ్. నాకు బుద్ధొచ్చింది ఒక పెద్దాయన తమ ఊరి మగ్గాల గురించి గంటన్నర చెప్పిన రోజున. నేను ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, ల్యాప్‌టాప్‌లో వేరే సాఫ్ట్‌వేర్‌తో రికార్డ్ చేశాను. ఎర్ర చుక్క వెలుగుతూనే ఉంది, గీతలూ కదులుతున్నాయి. తీరా వింటే అందులో ఉన్నది నా గొంతొక్కటే. గంటన్నర పాటు "ఆఁ", "ఊఁ", "అలాగాండీ?". ఆ సాఫ్ట్‌వేర్ నా మైకునే పట్టుకుంది. ఆయన మాటలన్నీ ఇయర్‌ఫోన్స్‌లోంచి నేరుగా నా చెవిలోకి వెళ్ళిపోయాయి. మళ్ళీ చెప్పమంటే పాపం చెప్పారు గానీ, మొదటిసారి వచ్చిన ఊపు రాలేదు.

అందుకే ఎర్ర చుక్కను నమ్మకండి. కాల్‌కి ముందురోజు ఇంకొకరితో రెండు నిమిషాలు మాట్లాడి, ఆపి, ఫైలు తెరిచి రెండు గొంతులూ ఉన్నాయో లేదో వినండి. ఏ ల్యాప్‌టాప్, ఏ ఇయర్‌ఫోన్స్ రేపు వాడతారో వాటితోనే చేయాలి. బ్లూటూత్‌వి మైకు ఆన్ అయ్యేసరికి చాలావాటిలో శబ్దం నాణ్యత తగ్గిపోతుంది. వైరున్న మామూలువి మేలు.

మీటింగ్ నడిపేవాళ్ళే రికార్డింగ్ కూడా చూసుకోవడం నాకు నచ్చదు. ఒకళ్ళని మ్యూట్ చేస్తూ, ఇంకొకళ్ళని లోపలికి రానిస్తూ ఉంటే ఫైలు సంగతి ఎవరికి గుర్తుంటుంది? వేరే ఊళ్ళో ఉన్న ఇద్దరికి అప్పగించండి. కాకినాడలో కరెంటు పోయినా వరంగల్‌లో రికార్డవుతూ ఉంటుంది. ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది కదా అని ధీమా పడొద్దు, ముందు ఆగిపోయేది వైఫై రౌటర్. దానికి చిన్న యూపీఎస్ లేకపోతే ఫోన్ ఫుల్ ఛార్జింగ్‌తో, హాట్‌స్పాట్‌కి సిద్ధంగా ఉండాలి.

జూమ్ ఉచిత ఖాతాలో కాల్ 40 నిమిషాలకు తెగిపోతుంది, రికార్డింగూ ముక్కలవుతుంది. కాల్ ముగిశాకే అది ఫైలుగా మారుతుంది కాబట్టి, అయిపోయింది కదా అని వెంటనే ల్యాప్‌టాప్ మూసేయకండి. గూగుల్ మీట్ ఉచిత ఖాతాలో ముగ్గురు, అంతకు మించి ఉంటే గంట వరకే, రికార్డింగ్ సదుపాయం ఉండదు. వేవ్ ఫైలుగా దాచేవాళ్ళు ఖాళీ చూసుకోండి, స్టీరియోలో గంటకు 600 ఎంబీ పైనే పడుతుంది.

కాల్ లింకు ఫేస్‌బుక్‌లో బహిరంగంగా పెట్టకండి. 2020 లాక్‌డౌన్‌లో ముక్కూమొహం తెలియనివాళ్ళు మీటింగుల్లోకి చొరబడి చేసిన గొడవ గుర్తుంది కదా. వెయిటింగ్ రూమ్ ఆన్‌లో ఉంచండి, అప్పుడు మీరు రానిస్తేనే ఎవరైనా లోపలికి వస్తారు.

అన్నిటికంటే ముందు అనుమతి. కాలిఫోర్నియా, వాషింగ్టన్ రాష్ట్రాల చట్టాల ప్రకారం ఆంతరంగిక సంభాషణను రికార్డ్ చేయాలంటే అందులో ఉన్న అందరూ ఒప్పుకోవాలి. మన కాల్స్‌లో అక్కడి బే ఏరియా, సియాటిల్ నుంచి ఎవరో ఒకరు ఉండనే ఉంటారు. చట్టం సరే, మర్యాదకైనా అడగాలి కదా. "రికార్డ్ చేస్తున్నాం, ఫలానా చోట పెడతాం" అని మొదట్లో చెప్పి, ఆలస్యంగా వచ్చినవాళ్ళకి మళ్ళీ చెప్పండి. వికీపీడియా వాడుకునే బొమ్మలూ ఆడియోలూ ఉండే వికీమీడియా కామన్స్‌లో పెట్టేట్టయితే, దాన్ని ఎవరైనా, వ్యాపారానికైనా వాడుకోవచ్చని పెద్దవాళ్ళకి విడమరిచి చెప్పాలి. తెలియక "సరే బాబూ" అనేస్తారు. మాటల్లో ఇంటి గొడవో, పొలం తగాదానో దొర్లితే ఆ ముక్క కోసేయండి. ఇంకో సంగతి, జూమ్ ఇచ్చే ఎం4ఏ ఆడియోను కామన్స్ తీసుకోదు, ఆగ్, ఫ్లాక్ అనే ఆడియో ఫైలు రకాల్లో ఒకదానిలోకి మార్చాలి.

ఆ రాత్రే ఫైలుకు తేదీతో పేరు పెట్టి, రెండు చోట్ల దాచి, మొదట్లో, మధ్యలో, చివర్లో ఒక్కో నిమిషం విని పడుకోండి. ఏదైనా పోయిందని తెలిస్తే మర్నాడే ఫోన్ చేసి అడగొచ్చు, చెప్పినాయనకు ఇంకా మాటలు నోట్లోనే ఉంటాయి.