వేరొకరి వెరిలాగ్ కోడ్ చేతికొస్తే: యోసిస్‌తో చెట్టు చూసే పద్ధతి

చిప్‌ల సర్క్యూట్లను వర్ణించే భాష వెరిలాగ్. అందులో రాసిన కొత్త డిజైన్ చేతికి రాగానే మా టీమ్‌లో కొత్తగా చేరిన పిల్లలు చేసే మొదటి పని గ్రెప్, అంటే ఫైళ్లలో పదాలు వెతికే కమాండ్. మాడ్యూల్ (డిజైన్‌లో ఒక భాగం) పేర్లు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికి, ఏది దేని లోపల ఉందో నోట్‌బుక్‌లో చెట్టు గీసేసి చూపిస్తారు. ఆ చెట్టులో సగం కొమ్మలు ఉత్తవే. దేని కింద ఏ మాడ్యూల్ ఉంటుందో ఫైల్లో రాసినదాన్ని చూస్తే తేలదు. పారామీటర్లకు (మాడ్యూల్‌కు బయటి నుంచి ఇచ్చే సెట్టింగులు) విలువలు పడి, జనరేట్ బ్లాకుల్లో (ఆ విలువలను బట్టి ఉండే లేదా పోయే కోడ్) ఏది మిగిలిందో చూశాకే తేలుతుంది. ఆ లెక్క మనం కట్టేకంటే టూల్ చేత కట్టించుకోవడం మేలు.

నేను ఇందుకు వాడేది యోసిస్. క్లెయిర్ వుల్ఫ్ మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ సింథసిస్ టూల్ ఇది, అంటే కోడ్‌ను సర్క్యూట్‌గా మార్చేది. లైసెన్స్ ఎప్పుడు ఖాళీ అవుతుందా అని ఎదురుచూడక్కర్లేదు, ఉబుంటులో ఆప్ట్ ఇన్‌స్టాల్ కొడితే వచ్చేస్తుంది. సింథసిస్ చేసే ఉద్దేశం లేకపోయినా, డిజైన్‌లో తిరిగి చూడటానికి మాత్రమే వాడుకోవచ్చు. కమాండ్లను ఇక్కడ నోటితో చెప్పినట్టు తెలుగులోనే రాస్తున్నాను. టైప్ చేసేది మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో.

ఉదాహరణకు పికోఆర్‌వీ32 తీసుకోండి. రిస్క్-ఫైవ్ అనే ఓపెన్ ఆదేశాల సెట్‌తో నడిచే చిన్న ప్రాసెసర్. దాంతోపాటే పికోసాక్ అనే ఫోల్డర్‌లో ప్రాసెసర్, ఫ్లాష్ కంట్రోలర్, యూఆర్ట్ (సీరియల్ పోర్టు), మెమరీ కలిపిన పూర్తి సిస్టమ్ ఉంటుంది. లాటిస్ కంపెనీ ఐస్40 రకం ఎఫ్‌పీజీఏ (కావలసిన సర్క్యూట్‌గా మలచుకోగల చిప్) హెచ్‌ఎక్స్8కే ఉన్న బోర్డుకు రాసిన డెమో ఫైలును టాప్‌గా, అంటే చెట్టుకు మొదలుగా పెట్టుకుందాం.

యోసిస్ తెరిచి, ముందుగా 'రీడ్_వెరిలాగ్ -లిబ్' అని కొట్టి ఐస్40 సెల్స్ (ఆ చిప్‌లోని తయారు భాగాలు) లైబ్రరీ చదివించండి. యోసిస్ సొంత ఫోల్డర్‌లో ఐస్40 కింద సెల్స్_సిమ్ అనే ఫైలు అది. ఫైలు పేరుకు ముందు ప్లస్ గుర్తు, స్లాష్ పెడితే యోసిస్ తన ఫోల్డర్‌లోనే వెతుక్కుంటుంది. డెమోలో ఎస్‌బీ_ఐఓ అనే పిన్ సెల్ ఉంది, దాని సంగతి తెలియకపోతే టూల్ ముందుకు కదలదు.

తర్వాత 'రీడ్_వెరిలాగ్' తో డెమో, ఎస్‌పీఐమెమ్ఐఓ, సింపుల్‌యూఆర్ట్, పికోసాక్, చివరగా పికోఆర్‌వీ32 ఫైళ్లు ఇవ్వండి. ఈ వరుస ముఖ్యం. రిజిస్టర్ ఫైల్‌గా (ప్రాసెసర్ లోపలి చిన్న నిల్వ) ఏ మాడ్యూల్ వాడాలో పికోసాక్ ఫైలు ఒక మాక్రోతో (తర్వాతి ఫైళ్లకూ వర్తించే పేరు) చెబుతుంది. ప్రాసెసర్‌ను ముందే చదివిస్తే, తనను ముందు చదవాలంటూ పికోసాక్ ఫైలే ఎర్రర్ ఇచ్చి ఆపేస్తుంది. రాసినవాళ్ల ముందుచూపు మెచ్చుకోవాలి. చాలా ప్రాజెక్టుల్లో ఇలాంటి ఎర్రర్ రాదు, తప్పుడు మాడ్యూల్ నిశ్శబ్దంగా కూర్చుంటుంది.

ఇప్పుడు 'హయరార్కీ -చెక్ -టాప్' అని కొట్టి డెమో మాడ్యూల్ పేరు ఇవ్వండి. తెరమీద చాలా లైన్లు దొర్లుతాయి. చెట్టు ఒకటికంటే ఎక్కువసార్లు కనబడుతుంది. మొదటిది పారామీటర్లు పడకముందుది, దాన్ని వదిలేయండి. చివరిసారి వచ్చిందే అసలు చెట్టు. అందులో ప్రాసెసర్ పేరు డాలర్ గుర్తు, పారామాడ్, పొడవాటి హ్యాష్ (అంకెలు, అక్షరాల కోడ్), ఆ తర్వాత అసలు పేరు ఇలా కొండవీటి చాంతాడంత ఉంటుంది. ఆ పారామీటర్లతో తయారైన ప్రత్యేక కాపీ అని అర్థం.

దాని కిందే వాడని మాడ్యూళ్లు తీసేస్తున్నట్టు లైన్లు వస్తాయి. వాటిలో పికోఆర్‌వీ32 పేరు చూసి, అయ్యో ప్రాసెసరే పోయిందని కొత్తవాళ్లకు టెన్షన్. ఏమీ పోలేదు. తీసేసింది డిఫాల్ట్ విలువలున్న కాపీని. పారామాడ్ కాపీ భద్రంగానే ఉంది. ఏఎక్స్ఐ, విష్‌బోన్ అనే బస్సులకు (భాగాలను కలిపే పద్ధతులు) రాసిన ప్రాసెసర్ రూపాలు ఈ డెమోలో వాడలేదు కాబట్టి అవి మాత్రం నిజంగానే పోతాయి.

ఇక లోపల తిరగడం. 'ఎల్ఎస్' కొడితే మాడ్యూళ్ల జాబితా. 'సీడీ' తో డెమోలోకి వెళ్లి, అక్కడి నుంచి 'సీడీ సాక్', ఆపైన 'సీడీ సీపీయూ'. ఇన్‌స్టన్స్ పేరు (మాడ్యూల్‌ను వాడిన చోట దానికి పెట్టిన పేరు) ఇస్తే దాని మాడ్యూల్‌లోకి అదే తీసుకెళ్తుంది, ఆ హ్యాష్ పేరు టైప్ చేసే బాధ తప్పుతుంది. ఒక్క తిరకాసు ఏమిటంటే, 'సీడీ' పక్కన రెండు చుక్కలు పెడితే లినక్స్‌లోలాగా ఒక మెట్టు పైకి వెళ్లదు, చాలాసార్లు డిజైన్ మొదటికే వచ్చేస్తారు. మళ్లీ పైనుంచి దిగాల్సిందే.

ప్రాసెసర్ లోపల 'ఎల్ఎస్' కొట్టి సెల్స్ దగ్గర చూడండి. డాలర్‌తో మొదలయ్యేవి టూల్ పెట్టుకున్న పేర్లు, వాటిని పట్టించుకోకండి. గుణకారం చేసే సెల్, భాగహారం చేసే సెల్ రెండూ కనబడతాయి. ప్రాసెసర్ ఫైల్లో వాటి పారామీటర్ల డిఫాల్ట్ విలువ సున్నా. పికోసాక్ వాటికి 1 అనే విలువ పంపితేనే ఆ సెల్స్ పుడతాయి. అదే ఫైల్లో ఫాస్ట్ మల్టిప్లయర్ కూడా రాసి ఉంది, గ్రెప్‌కు దొరుకుతుంది కూడా, కానీ ఈ చెట్టులో లేదు.

ఇదే పని ఐస్‌బ్రేకర్ బోర్డు ఫైలును టాప్‌గా పెట్టి చేసి చూడండి. ఆ బోర్డు చిప్‌లోని మెమరీకి రాసిన ఎస్‌పీర్యామ్ ఫైలు కూడా జత చేయాలి, బోర్డు ఫైలు పికోసాక్ కంటే ముందుండాలి. అక్కడ మామూలు మల్టిప్లయర్, డివైడర్ మాయమై ఫాస్ట్ మల్టిప్లయర్ వస్తుంది. ఆ చిప్‌లో గుణకారానికి డీఎస్‌పీ బ్లాకులు ఉన్నాయి, హెచ్‌ఎక్స్8కేలో లేవు. ప్రాసెసర్ ఫైల్లో ఒక్క అక్షరం మారకుండానే చెట్టు మారిపోయింది. రెండో డిజైన్ చదివించేముందు మాత్రం యోసిస్ నుంచి బయటికి వచ్చి మళ్లీ తెరవండి. పాత మాక్రోలు గుర్తుపెట్టుకుంటుంది కాబట్టి, లేకపోతే ఎర్రర్ వస్తుంది.

ఒక మాడ్యూల్ ఎన్నిసార్లు వాడారో తెలియాలంటే 'స్టాట్'. హయరార్కీ చెట్టులో ఆ లెక్క ఉండదు. ఒక సెల్ ఏ ఫైల్లో ఏ లైనులో పుట్టిందో కావాలంటే, ఆ మాడ్యూల్‌లో ఉండగా 'డంప్ సీపీయూ' అని కొట్టండి. ఎస్‌ఆర్‌సీ అనే గుర్తు పక్కన ఫైలు పేరు, లైను నంబరు ఉంటాయి. నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేది ఇదే.

బొమ్మ కావాలంటే 'షో' ఉంది, గ్రాఫ్‌విజ్ (బొమ్మలు గీసే టూల్) వేసుకోవాలి. ప్రాసెసర్ మొత్తానికి కొడితే వచ్చేది నూడుల్స్ ప్లేటు. పికోసాక్‌లో ఉండి 'షో సీపీయూ', పక్కన పర్సెంట్ గుర్తు, ఎక్స్ పెడితే ప్రాసెసర్‌కు తగిలే వైర్లు మాత్రమే వస్తాయి. ఫలితాలు దాచుకోవాలంటే ఏ కమాండ్ ముందైనా 'టీ -ఓ' అని పెట్టి ఫైలు పేరు ఇవ్వండి.

ఇంటర్‌ఫేస్‌లు, ప్యాకేజీలు దట్టంగా వాడిన సిస్టమ్‌వెరిలాగ్ కోడ్‌కు మామూలు రీడ్_వెరిలాగ్ సరిపోదు, స్లాంగ్ ప్లగిన్ జత చేసుకోండి. వీహెచ్‌డీఎల్ అనే మరో డిజైన్ భాష అయితే జీహెచ్‌డీఎల్ ప్లగిన్.