ముఖచిత్రం గీద్దాం – 5వ పాఠం: గళ్లు కొట్టడం

పోయిన పాఠంలో తెలుపు నుంచి నలుపు దాకా అయిదు ఛాయల పట్టీ వేసుకున్నాం కదా. దాన్ని దగ్గర పెట్టుకోండి, ఈసారి పనంతా దానితోనే.

కొత్తగా ముఖం గీసేవాళ్లు ముందు కన్ను మీద పడతారు. కోలగా ఓ గీత, మధ్యలో గుండ్రం, పైన రెప్పవెంట్రుకలు. అది మన బుర్రలో ఉన్న కన్ను, ఎదుట కూర్చున్న మనిషిది కాదు. ముక్కూ నోరూ అలాగే పడతాయి. ముఖం కుదురుతుంది గానీ పోలిక రాదు.

చక్ క్లోజ్ (1940–2021) అనే అమెరికన్ చిత్రకారుడికి ముఖాలు గుర్తుపట్టలేని లోపం ఉండేది. తెలిసినవాళ్లు ఎదురైనా పోల్చుకోలేకపోయేవాడు. అదే ముఖం ఫోటోలో చదునుగా ఉంటే గుర్తుండేది. అలాంటివాడు బతుకంతా ముఖాలే వేశాడు! 1967–68లో వేసుకున్న తన బొమ్మ సుమారు తొమ్మిది అడుగుల ఎత్తు. చెదిరిన జుట్టు, కళ్లజోడు, నోట్లో సిగరెట్. ఫోటో మీద గళ్లు కొట్టి, ఒక్కో గడినీ పెంచి కాన్వాస్ మీదికి ఎక్కించాడు. వాటిని పోర్ట్రెయిట్లు అనకుండా ‘తలలు’ అనేవాడు.

గళ్లు కొట్టడం ఆయన కనిపెట్టిందేమీ కాదు. సినిమా బ్యానర్లు చేత్తో వేసిన రోజుల్లో మన ఆర్టిస్టులూ చిన్న స్టిల్‌ను ఇలాగే పెంచేవాళ్లు. కాకపోతే బ్యానర్‌లో హీరో అందంగా కనబడి తీరాలి. క్లోజ్‌కు చర్మం మీది రంధ్రమూ కనుపాపా ఒకటే లెక్క. మనం నేర్చుకోవాల్సింది ఆ లెక్కే.

ముందు ఫోటో. దగ్గరగా తీసుకున్న సెల్ఫీ పనికిరాదు, ముక్కు ఉబ్బి చెవులు వెనక్కి పోతాయి. అయిదారు అడుగుల దూరం నుంచి ఎవరిచేతనైనా తీయించుకోండి. పక్కనుంచి కిటికీ వెలుగు పడాలి. నవ్వొద్దు. నలుపు తెలుపులో 10×15 సెం.మీ. ప్రింటు తీసి 1 సెం.మీ. గళ్లు కొడితే 150 వస్తాయి. డ్రాయింగ్ షీటు మీద 20×30 సెం.మీ. చట్రం గీసి 2 సెం.మీ. గళ్లు కొట్టండి. లేతగా పడే హెచ్ పెన్సిల్ వాడండి, ఒత్తకండి. నిలువు వరసలకు అక్షరాలు, అడ్డ వరసలకు అంకెలు వేసుకోండి.

ఇప్పుడు ఫోటో, షీటు రెండూ తలకిందులు చేయండి. అట్టముక్కలో 1 సెం.మీ. చదరపు కంత కోసి, ఒక్క గడే కనబడేలా ఫోటో మీద ఆనించండి. చెంపతో మొదలుపెట్టండి, కంటి జోలికి చివరికి గానీ వెళ్లొద్దు. గడిలో ఏ అవయవం ఉందన్నది మనకు అనవసరం. నీడ అంచు ఎడమ గీతను ఎంత ఎత్తులో తాకింది, కుడి గీతను ఎక్కడ దాటింది, అందులోని ముదురు మన ఛాయల పట్టీలో ఎన్నవది – ఇవే చూడాలి. పక్క గడితో అంచులు కలవకపోతే అక్కడే ఆగి సరిచేయండి. తర్వాత చూద్దామంటే ఆ తేడా దవడ దాకా పాకుతుంది. కంటి తెల్లగుడ్డు దగ్గర అందరూ బోల్తా పడతారు. దాన్ని తెల్లగా వదిలేయకండి, చాలా ఫోటోల్లో అది రెండో ఛాయ, పైరెప్ప కింద మూడోది కూడా.

పోలికంతా కళ్లలోనే ఉంటుందంటారు. నేనొప్పుకోను. ముక్కుకీ పైపెదవికీ మధ్య ఎడం, చెంప మీద నీడ తిరిగే చోటు అటూ ఇటూ అయితే ఎంత చక్కని కళ్లు గీసినా మనిషి మారిపోతాడు. 150 గళ్లూ నిండాక షీటు నిటారుగా తిప్పి గోడకు ఆనించి, పదడుగులు వెనక్కి నడిచి చూడండి.

క్లోజ్ 1985లో తన భార్య వాళ్ల అవ్వ ఫానీని ఎనిమిదిన్నర అడుగుల బొమ్మగా వేశాడు. నాజీల మారణకాండ నుంచి బతికి బయటపడిన మనిషి ఆవిడ. కుంచె ముట్టకుండా, ఇంకులో వేళ్లు అద్ది ఆ ముడతలన్నీ తెచ్చాడు. దస్తావేజు మీద ఫలానావాడని రుజువు చేసే వేలిముద్రలు ఇక్కడ ఇంకొకరి ముఖంగా మారాయి. అందులో ఉన్నది ఫానీ ఎంత, క్లోజ్ ఎంత? వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీలో ఉంది ఆ బొమ్మ.

ఇంటిపని: పూర్తయిన బొమ్మలోంచి చెంప దగ్గరి నాలుగు గళ్లు ఎంచుకుని, వేరే కాగితం మీద స్టాంప్ ప్యాడ్ ఇంకుతో, వేలిముద్రలతోనే వేయండి. మొదటి ముద్ర ముదురుగా పడుతుంది, ఇంకు అద్దకుండా వేసేకొద్దీ పలచబడుతుంది. అయిదు ఛాయలూ అలాగే రావాలి. వచ్చే పాఠంలో ఫోటో ఉండదు, ఓ అద్దం సిద్ధం చేసుకోండి.