కొత్త బ్రాంచ్ మంచిదో కాదో ఇలా చూడండి

కర్ణాటక ప్రవేశ పరీక్ష సీఈటీ ఫలితాలు రాగానే బెంగళూరు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ వాళ్లంతా నన్నడిగేది ఒకటే: ప్రభుత్వ యూనివర్సిటీలో కొత్త ఇంజినీరింగ్ బ్రాంచ్, పిల్లల్ని చేర్చొచ్చా?

కాలేజీ పేరు వేరు, బ్రాంచ్ పేరు వేరు. బెంగళూరులోని విశ్వేశ్వరయ్య ఇంజినీరింగ్ కాలేజీ, అదే యూవీసీఈ, 1917 నాటిది; ఆ పేరు నిన్న పెట్టిన కోర్సుకి దానంతటది రాదు. కాలేజీల నాణ్యత చూసే న్యాక్ ఇచ్చే గ్రేడు సంస్థ మొత్తానికి. సాంకేతిక కోర్సుల నాణ్యత చూసే ఎన్‌బీఏ గుర్తింపు కోర్సుకి విడిగా ఇస్తారు, అదీ కనీసం రెండు బ్యాచ్‌లు బయటికొచ్చాకే. అది లేదని కొత్తదాన్ని కొట్టిపారేయకండి.

అధ్యాపకుల జాబితా తెరిచి పక్క బ్రాంచ్‌తో పోల్చండి. రెండిట్లోనూ అవే పేర్లుంటే ఆలోచించాలి. ఆపైన క్యాంపస్‌కి వెళ్లి రెండో ఏడాది పిల్లల్ని కలవండి. నేనైతే ఇదే ముఖ్యమంటాను. "ల్యాబ్ రికార్డు ఒకసారి చూపిస్తావా బాబూ?" అనండి. తేదీలు, సంతకాలు వారంవారం ఉన్నాయా, అన్నీ ఒకే రోజు పెట్టినట్టున్నాయా చూడండి.

మొదటి బ్యాచ్ పాసవకుండానే ప్లేస్‌మెంట్ అంకెలు చెబితే, అవి ఏ బ్రాంచ్‌వో అడగండి.