పిల్ల పోయిన గొర్రెకు పరాయి పిల్లను అలవాటు చేయాలంటే

ఐర్లాండ్ గొర్రెల కొట్టాల్లో వసంతం వస్తే ఇదే తలనొప్పి. ఒక గొర్రెకు పిల్ల చచ్చిపోయి పొదుగు బిగిసి ఉంటుంది, పక్కనే మూడు ఈనిన గొర్రె దగ్గర ఒక పిల్ల పాలు చాలక అరుస్తుంటుంది. ఆ పిల్లను తెచ్చి పిల్ల పోయిన గొర్రె దగ్గర వదిలితే కుమ్మేస్తుంది, ఎందుకంటే గొర్రె తోక దగ్గర వాసన చూసే తన పిల్లను గుర్తుపడుతుంది.

అక్కడి పాత పద్ధతి తోలు తొడగడం. చచ్చిన పిల్ల తోలును అదే రోజు, తోకతో సహా ఒలవండి. మెడకు, నాలుగు కాళ్లకు కన్నాలు వదిలి చొక్కాలా పరాయి పిల్లకు తొడగండి. వదులుగా ఉంటే కాళ్లకు చుట్టుకుంటుంది, పురికొసతో కట్టండి.

పిల్లకు పుట్టిన 2 గంటల్లోపే ముర్రుపాలు పడి ఉండాలి, కిలో బరువుకు 50 మి.లీ. చొప్పున. కానీ తొడిగేటప్పుడు కాస్త ఆకలిగా ఉంటేనే మేలు. కడుపు నిండిన పిల్ల పొదుగు వెతకదు, పడుకుంటుంది.

రెంటినీ 1.5 మీటర్ల చదరపు దడిలో ఉంచండి. 2-3 రోజులకు పిల్ల పెంటలో ఆ గొర్రె పాల వాసనే వస్తుంది, అప్పుడు తోలు తీసేయండి. ఆలస్యమైతే కుళ్లుతుంది.

పిల్ల రోగంతో చచ్చినా, నెలలు నిండకుండా పడిపోయినా ఆ తోలు వాడొద్దు, రోగం అంటుకుంటుంది. గర్భిణులు ఈ పనికి అసలు రాకూడదు.